రుమాలులో విమానం, గోడమీద కోటు

దంపుళ్ల పాటా, నాట్ల పాటా సాహిత్యమేనని మన సాహిత్య చరిత్రకారులు ఒప్పుకొని చాలా కాలమైంది. 1950ల్లో బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాల మీద పరిశోధన చేసిన తర్వాత విశ్వవిద్యాలయాలు కూడా ఒప్పుకోక తప్పలేదు. అయితే పాట పాడిన గొంతును ఒప్పుకున్న మనం, ఆ పాట పాడుతూ పనిచేసిన చేతుల్ని మాత్రం ఇంకా బయటే నిలబెట్టాం. నేసిన గుడ్డ, కుట్టిన బొంత, అల్లిన బుట్ట, చిన్న పట్నంలో స్టూడియోవాడు రంగులద్ది ఇచ్చిన ఫొటో మన విమర్శకు విషయాలు కావు. అవి ‘కుటీర పరిశ్రమల’ శాఖ తాలూకు వస్తువులు, ఎగ్జిబిషన్‌లో స్టాలు సరుకు. కథలో నేతగాడు వస్తే అతని అప్పు వస్తుంది, ఆకలి వస్తుంది. అతను నేసిన అంచులో ఏముందో రాదు.

నేను చెప్పదలచింది ఒకటే. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో శ్రమజీవులకు సృజన లేకపోలేదు. ఆ సృజనకు కర్త పేరు లేకుండా పోయిన చరిత్ర ఒకటుంది. అందులో కెమెరా పాలకుల పక్షాన నిలబడి కొంత పనిచేసింది. తర్వాత అదే కెమెరా మామూలు జనం మధ్యకొచ్చి చేతిపనుల్లో ఒక చేతిపని అయింది. ఈ రెండు కథల్నీ కలిపి చదవకపోతే రెండూ సగమే అర్థమవుతాయి.

మంగళగిరి నుంచి పొన్నూరు, బాపట్ల, చీరాల, వేటపాలెం మీదుగా ఒంగోలు వైపు సాగితే మగ్గాలున్న ఊళ్లు వరసగా తగులుతాయి. పడమటికి తిరిగితే నల్లరేగడి, పత్తి, మిరప. ఈ నేల పేర్లు చాలాసార్లు మారాయి. చీరాల 1970 దాకా గుంటూరు జిల్లా. ఆ ఏడు ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి పోయింది. 1972లో ఆ జిల్లా పేరే ప్రకాశమైంది. 2022 నుంచి చీరాల బాపట్ల జిల్లా. జిల్లా ఏదైనా ఒక సంగతి మాత్రం మారలేదు. ఇక్కడ పండిన పత్తి మిల్లులకు పోతుంది. మగ్గానికి కావలసిన నూలు ఎక్కడో నిర్ణయమైన ధరకు తిరిగొస్తుంది. చేలో పత్తి చూస్తూ నూలు కోసం అప్పుచేసే నేతగాడు ఇక్కడి మనిషి.

పేరు సంగతి చెప్పాలంటే అమరావతితో మొదలుపెట్టాలి. అమరావతి స్తూపం రాళ్లమీద చెక్కిన శాసనాల్లో రాజుల పేర్లకంటే మామూలు మనుషుల పేర్లే ఎక్కువ. అందులో ఒక చర్మకారుడున్నాడు. అతని పేరు విధికుడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చినట్టు రాయించుకున్నాడు. దాదాపు 1,800 సంవత్సరాల కిందట ఈ నేలమీద తోలుపని చేసేవాడి పేరు రాతికెక్కింది. ఆ కలశాన్ని చెక్కిన శిల్పి పేరు అక్కడా లేదు నిజమే. దాత పేరుండి పనివాడి పేరు లేకపోవటం ఆధునికుల కనిపెట్టుడేమీ కాదు. కానీ తోలుపనివాడు దాతల వరసలో నిలబడగలిగిన కాలం ఒకటుందన్నది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఆ రాళ్లకు ఏమైందో చూడండి. 1798లో కాలిన్ మెకంజీ వాటిని చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపించాడు. అక్కడవి ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడివున్నాయి. 1858లో మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లినియస్ ట్రైప్ వాటికి ఫొటోలు తీశాడు. మరుసటేడు 1859లో రాళ్లు లండన్‌కు ఓడెక్కాయి. ఆ ఫొటోలకు పెట్టిన పేరు ‘ఇలియట్ మార్బుల్స్’. చెక్కినవాళ్లూ దానమిచ్చినవాళ్లూ పోయి తవ్వించిన దొర పేరు మిగిలింది. పైగా అవి చలవరాళ్లు కూడా కావు, పల్నాటి సున్నపురాయి! మన ప్రాంతపు చేతిపని కెమెరా ముందుకు వచ్చిన తొలి సందర్భాల్లో ఇదొకటి. ఓడెక్కే ముందు రాసుకున్న జాబితాలాగానే ఆ ఫొటోలు నాకు కనిపిస్తాయి.

గుడ్డకూ ఇదే జరిగింది. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ ఈ దేశపు నేత గుడ్డల్ని ముక్కలు చేసి, 700 నమూనాలతో, 18 సంపుటాల పుస్తకం తయారుచేశాడు. ఇరవై ప్రతులు చేస్తే పదమూడు బ్రిటన్‌లో పంచారు, ఏడు ఇక్కడికి పంపారు. ఈ జనం ఎలాంటి గుడ్డ కడతారో మాంచెస్టరు మిల్లువాళ్లు తెలుసుకొని అలాంటిదే నేసి ఇక్కడ అమ్ముకోవటమే దాని ఉద్దేశం. వాట్సన్ దీన్ని దాచుకోలేదు కూడా. కొలతా, బరువూ, ఊరూ వున్నాయి గానీ నేసినవాడి పేరుకు గడి లేదు. అదే వాట్సన్ 1868 నుంచి 1875 దాకా మనుషుల ఫొటోలతో ఎనిమిది సంపుటాలు వెలువరించినవాళ్లలో ఒకడు. అక్కడ మనుషులకు కులం పేరుంది. గుడ్డ నమూనా, మనిషి నమూనా ఒకే బల్లమీద తయారయ్యాయన్న మాట.

పాలకుల కెమెరాను, కేటలాగును తిట్టి వూరుకుంటే మన పని అయిపోదు. ఆ కాలంలో నేతగాడు ఏం చేస్తున్నాడన్నది అసలు ప్రశ్న. దీనికి చీరాల రుమాలు మంచి జవాబు చెబుతుంది.

తేలియా రుమాలు అని వ్యాపారులు పిలిచిన చదరపు గుడ్డ ఇది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. జాలర్లు, పశువులు కాసేవాళ్లు తలకు చుట్టుకున్నారు, నడుముకు కట్టుకున్నారు. అదే గుడ్డ హైదరాబాదు నవాబుల ఇళ్లలో ఆడవాళ్లకు ఓణీ అయింది. ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయింది. ‘ఆసియా రుమాలు’ అని ఇంకో పేరూ వచ్చింది. పేరులో నూనె వుంది, గుడ్డలోనూ నూనె వుంది. ఆముదపు కాయల డొప్పలు కాల్చి, ఆ బూడిద నానబెట్టిన నీటి తేటలో నూనె కలుపుతారు. నూలు చిలపల్ని అందులో పిసికి, ఎండబెట్టి, మళ్లీ తడిపి, మళ్లీ ఎండబెడతారు. రోజుల తరబడి ఇదే పని. ఇలా నూనె పట్టిన నూలుకు ఎరుపు గట్టిగా అంటుకుంటుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. పటిక పట్టించిన చోట ఎరుపు, ఇనుము పట్టించిన చోట నలుపు, ఒకే రంగునుంచి వస్తాయి. రసాయన శాస్త్రం పుస్తకం తెరవని మనుషుల రసాయన శాస్త్రమిది.

మొదట ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. సముద్రం ఒడ్డు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరది. 1869లో జర్మనీ శాస్త్రజ్ఞులు అలిజరిన్ రంగును కృత్రిమంగా తయారుచెయ్యటం కనిపెట్టారు. కొన్నేళ్లకే ఆ పొడి ఇక్కడి బజారుకొచ్చింది. చిరివేరు తవ్వి బతికినవాళ్లు నష్టపోయారు. రంగు వేసేవాళ్లు పొడిని తీసుకున్నారు గానీ బూడిద నీళ్లనూ నూనెనూ వదల్లేదు. ‘సంప్రదాయం చెడింది’ అని ఏడ్చేవాళ్లకు ఈ సంగతి మింగుడుపడదు. పనివాడు తన పద్ధతిని తానే మార్చుకున్నాడు, ఏది మార్చాలో ఏది మార్చకూడదో తానే నిర్ణయించుకున్నాడు.

రుమాలు నేతలో అసలు కష్టం మగ్గం ఎక్కకముందే వుంది. పడుగునూ పేకనూ ముందుగానే లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు వున్న చోట రంగు ఎక్కదు. నేసేటప్పుడు పడుగులోని తెలుపు మీదికి పేకలోని తెలుపు సరిగ్గా వచ్చి కూర్చోవాలి. అంటే బొమ్మ గుడ్డమీద పుట్టదు, గుడ్డ లేనప్పుడే పోగులో పుట్టివుంటుంది. చాలాకాలం ఇవి గళ్లూ, చుక్కలూ, మెట్లుమెట్లుగా దిగే చదరాలూ. ముస్లిం కొనుగోలుదార్లకు ప్రాణుల బొమ్మలు పనికిరావు కాబట్టి రూపాలు తక్కువ. తర్వాత 20వ శతాబ్దం తొలి సగంలో రుమాళ్లలోకి సింహాలూ ఏనుగులూ వచ్చాయి. వాటితోపాటు గడియారం వచ్చింది. గ్రామఫోను వచ్చింది. విమానం వచ్చింది.

ఆ విమానం దగ్గర కొంచెం ఆగుదాం. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకు కూర్చున్న మనిషి విమానాన్ని దగ్గరగా చూసివుంటాడనుకోను. ఏ పత్రికలోనో అచ్చయిన బొమ్మో, ఏ సరుకు పెట్టెమీద అంటించిన కాగితమో అతనికి ఆధారమై వుండాలి. ఆ బొమ్మను అతను గళ్లుగా విడగొట్టాడు, ఏ పోగు ఎక్కడ తెల్లగా మిగలాలో లెక్కవేశాడు, రెక్కల్ని మెట్లుగా మార్చాడు. అతనికి ఎవరూ ‘ఆధునికత’ గురించి ఉపన్యాసమివ్వలేదు. మన కవిత్వంలోకి రైలూ, టెలిగ్రాఫూ వచ్చినప్పుడు మనం వాటిని వస్తు నవ్యత అని పేజీలకు పేజీలు చర్చించాం. రుమాలులో గ్రామఫోను వచ్చినప్పుడు అది ‘డిజైను’ అయింది. ఈ తేడా ఎక్కడనుంచి వచ్చిందో విద్యార్థులు తమ పాఠ్యపుస్తకాల్ని అడగాలి.

చీరాల చుట్టుపక్కల నేసిన ఇంకో గుడ్డ కథ మరీ విచిత్రమైనది. ‘రియల్ మద్రాస్ హాండ్‌కర్చీఫ్’ అనే గళ్ల గుడ్డ పడమటి ఆఫ్రికాకు పోయేది. నైజర్ నది డెల్టాలో కలబారి అనే జాతివాళ్లు దాన్ని ఇంజిరి అంటారు. బిడ్డ పుట్టినప్పుడూ, మనిషి పోయినప్పుడూ అది వుండితీరాలి. అక్కడి ఆడవాళ్లు ఆ గుడ్డను వచ్చినది వచ్చినట్టు కట్టుకొని వూరుకోలేదు. సన్నటి కత్తిమొనతో కొన్ని పోగుల్ని ఎత్తి కోసి, లాగేసి, గళ్లలోనుంచి కొత్త బొమ్మ తీశారు. దానికి పెలెటె బిటె అని పేరు. ఇక్కడివాళ్లు పోగు చేర్చి బొమ్మ చేస్తే అక్కడివాళ్లు పోగు తీసి బొమ్మ చేశారు. మధ్యలో మద్రాసు షావుకార్లు, లండన్ కంపెనీలు లాభం చేసుకున్నాయి. ఈ చివరవున్న చేతికి ఆ చివరవున్న చెయ్యి తెలియదు. పరాయీకరణ గురించి మనం క్లాసుల్లో చెప్పే పాఠానికి ఇంతకంటే దగ్గర ఉదాహరణ నాకు దొరకలేదు. అయితే పాఠంలో లేనిది ఒకటి ఇందులో వుంది. రెండు చివరలా మనుషులు సరుకును సరుకుగా మిగలనివ్వలేదు.

చీరాల అనగానే సాహిత్య విద్యార్థికి గుర్తొచ్చేది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. చీరాల, పేరాలల్ని మునిసిపాలిటీ చేసి పన్నులు అనేక రెట్లు పెంచినప్పుడు, 1921లో పదమూడు వేలకు పైగా జనం ఊరు వదిలి బయట రామ్‌నగర్‌లో పాకలు వేసుకొని పదకొండు నెలలున్నారు. వారిలో నేతపనివాళ్లు ఎందరో. ఈ సంగతి అందరికీ తెలుసు. అంతగా పట్టించుకోనిది మరొకటుంది. దీనికి నాలుగేళ్ల ముందు, 1917లో, నందికేశ్వరుడి ‘అభినయ దర్పణం’ ఇంగ్లీషు అనువాదం అమెరికాలో అచ్చయింది. అనువాదకులు ఇద్దరు. ఒకరు ఆనంద కుమారస్వామి, రెండోవారు మన దుగ్గిరాల. నర్తకి వేళ్ల కదలికల శాస్త్రాన్ని అనువదించినవాడే, నేతగాళ్ల చేతులు పన్నుకు వ్యతిరేకంగా లేచినప్పుడు ముందు నిలబడ్డాడు.

కుమారస్వామి 1909లోనే భారతీయ చేతిపనివాడి మీద పుస్తకం రాశాడు. యంత్రం మనిషిని ముక్కలు చేస్తుందని ఆయన చూశాడు. చేతిపనివాడు కళాకారుడేనని ధైర్యంగా అన్నాడు. ఇంతవరకు మనవాడే. కానీ ఆయన చిత్రించిన గ్రామ పనివాడు కులవృత్తి నీడలో నిశ్చింతగా బతికే మనిషి. ఆ చిత్రంలో షావుకారు చిట్టా లేదు. కండెలు చుట్టి, రాట్నం తిప్పి, పడుగుకు గంజిపెట్టే పనిలో సగం మోసి, కూలి లెక్కలో ఎక్కడా కనిపించని ఆడవాళ్లు లేరు. మాలపల్లెల్లో నేసిన ముతక గుడ్డ లేదు. ఈ చివరిది మనం కూడా మరిచిపోయాం. కూలివాడి ఒంటిమీది ముతక గుడ్డ నేసిన మగ్గాలు మిల్లు గుడ్డ దెబ్బకు ఆగిపోయాయి. తేలియా రుమాలు మ్యూజియంలో వుంది. ఆ ముతక పంచె లేదు. చేతిపనుల చరిత్రలో కూడా పైనా కిందా వున్నాయి.

ఇక రెండో కథ, కెమెరా జనంలోకి వచ్చిన కథ.

చిన్న పట్నాల్లో ఫొటో స్టూడియోలు వచ్చాక కెమెరాకు మొదటిసారి ఎదురుగా కూర్చున్నవాడి ఇష్టంతో పని పడింది. దొర తీసిన ఫొటోలో మనిషి తనను ఎలా చూపించాలో చెప్పలేడు. స్టూడియోలో డబ్బిచ్చినవాడు చెబుతాడు. మా పెదనాన్న మిరప చేను తప్ప లోకం తెలియని మనిషి. ఆయన జన్మలో కోటు తొడుక్కున్నది ఒక్కసారే, అదీ స్టూడియోవాడి కోటు. వెనక తెరమీద మేడమెట్లు, స్తంభాలు, ఒక సరస్సు. పక్కన స్టూలుమీద కాగితం పూలు. అది అబద్ధమని చదువుకున్నవాళ్లం నవ్వుతాం. నాకు మాత్రం అది రుమాలులోని విమానం లాంటిదే. తనకు అందనిదాన్ని తన కొలతకు కుదించి తన దగ్గర పెట్టుకోవటం.

ఆ తెరను గీసింది ఎవరు? గోడలమీద సైనుబోర్డులు రాసే చెయ్యి, నాటకాలకు తెరలు గీసే చెయ్యి. ఫొటో అనేది యంత్రం చేసే పని అనుకుంటాం గానీ, నలుపు తెలుపు రోజుల్లో అందులో సగం చేతిపనే. నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిలు మొనతో చుక్కచుక్కగా దిద్ది ముఖంమీది స్ఫోటకం మచ్చలు మాపేవాళ్లు. ప్రింటు తీశాక పుల్లకు దూది చుట్టి, బుగ్గలకు గులాబి రంగు, చీరె అంచుకు ఆకుపచ్చ, గాజులకు బంగారు రంగు అద్దేవాళ్లు. రంగుల ఫిల్ము వచ్చాక ఆ పని పోయింది. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో మనకు నలుపు తెలుపు ఫిల్మూ, కాగితమూ అందించింది. అదీ మూతపడింది. రీటచింగు చేసిన మనుషుల పేర్లు ఆ ఫొటోల వెనక వుండవు. వుంటే స్టూడియో ముద్ర వుంటుంది.

ఫొటో ఇంటికి వచ్చాక మరో పని మొదలయ్యేది. మన మధ్యతరగతి, రైతు ఇళ్ల ముందుగదిలో గోడ పైభాగాన వరసగా ఫ్రేములుండేవి గుర్తుందా? అందులో సగం ఫొటోలు, సగం కుట్టుపని. మ్యాటీ గుడ్డమీద దారంతో కుట్టిన చిలకల జంట, హంస, ‘వెల్‌కం’ అనే ఇంగ్లీషు మాట. ఆ మాట కుట్టిన పిల్లకు ఇంగ్లీషు రాకపోవచ్చు. గళ్లు లెక్కపెట్టటం వచ్చు. క్రాస్ స్టిచ్‌లో అక్షరం మెట్లుమెట్లుగానే దిగుతుంది, రుమాలులో విమానం రెక్కలాగే. పెళ్లిచూపుల్లో చూపించటానికి నేర్పిన పని అది, నిజమే. ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టే ఏర్పాటు అందులో వుంది. అయినా రెండు చిలకల మధ్య మూడో చిలకను ఏ ఆనవాయితీ లేకుండా మా అమ్మ ఎందుకు కుట్టిందో ఆ ఏర్పాటు చెప్పలేదు. ప్లాస్టిక్ వైర్లతో అల్లిన బుట్టలు, పూసలతో గుమ్మానికి కట్టిన తోరణాలు, పాతచీరెల బొంతలు, వీటన్నిటినీ ‘తీరిక పనులు’ అన్నాం. మిరప కోతలకు పోయి వచ్చి దీపం దగ్గర బొంత కుట్టిన మనిషికి తీరిక ఎక్కడిది?

కూలి కుటుంబాల గోడమీద ఈ ఫ్రేములు కూడా తక్కువ. మనిషి పోయాక ఫొటో లేదని గుర్తొచ్చి, శవాన్ని కూర్చోబెట్టి స్టూడియోవాణ్ణి పిలిపించుకున్న ఇళ్లున్నాయి. 1993లో ఓటరు గుర్తింపు కార్డులు మొదలయ్యాక కొందరు ముసలివాళ్లకు జీవితంలో మొదటి ఫొటో అదే. మళ్లీ నంబరు, మళ్లీ ప్రభుత్వం కెమెరా, ఎదురుగా బెదిరిన కళ్లు. ఈసారి పేరు మాత్రం వుంది, తరచు తప్పుగా.

అభ్యుదయ సాహిత్యోద్యమానికి కెమెరాతో సంబంధం లేకపోలేదు. 1943 ఫిబ్రవరిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన తెనాలిలో అభ్యుదయ రచయితల మొదటి మహాసభ జరిగింది. ఆ ఏడే కమ్యూనిస్టు పార్టీ పత్రికకోసం సునీల్ జనా బెంగాల్ కరువును ఫొటోలు తీశాడు. పక్కనే చిత్తప్రసాద్ సిరాతో గీశాడు. ఆకలిని దాచిన ప్రభుత్వానికి ఆ ఫొటోలు దెబ్బ. నేను వాటిని తక్కువచేయటం లేదు. కానీ వాటి తర్వాత మనకో అలవాటు పట్టుకుంది. శ్రమజీవి ఫొటో అంటే బాధితుడి ఫొటో. 1987, 88 సంవత్సరాల్లో తెల్లదోమ పత్తిని తినేసి ఈ రెండు జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగినప్పుడు పత్రికల్లో వాళ్ల ముఖాలు వచ్చాయి. 1991లో నూలు ధరలు పెరిగి చీరాల ప్రాంతంలో నేతపనివాళ్ల ఆకలిచావులు బయటపడ్డప్పుడు ఆగిన మగ్గం, ఏడుస్తున్న భార్య ఫొటోలు వచ్చాయి. రావాలి కూడా. అయితే ఆ మగ్గంమీద సగంలో ఆగిన గుడ్డ ఏ రకం, ఎన్నో నంబరు నూలు, ఆ అంచు ఎవరు వేశారు అని రాసిన వార్త నా కంటపడలేదు. చచ్చిపోయినవాడు పనివాడని చెప్పారు. ఎలాంటి పనివాడో చెప్పలేదు. మన కథలూ ఈ విషయంలో వార్తల్నే అనుసరించాయి.

తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వచ్చింది చీరాలకు కాదు, తెలంగాణలోని పుట్టపాకకు. విద్య అక్కడికి వలసపోయి అక్కడి నేతగాళ్ల చేతిలో నిలిచింది కాబట్టి అందులో అన్యాయమేమీ లేదు. చీరాల మగ్గాలు కుప్పడం పట్టుచీరెల వైపు తిరిగాయి. చేనేతకు కొన్ని రకాలు ప్రత్యేకించిన 1985 చట్టం కాగితంమీద వుంది, పవర్‌లూమ్ గుడ్డ బజారులో వుంది.

ఈమధ్య చీరాల పక్కన ఒక నేత ఇంట్లో కాసేపు కూర్చున్నాను. ఆ ఇంటి కోడలు మగ్గంనుంచి దింపిన చీరెను సెల్‌ఫోనుతో ఫొటో తీస్తోంది. ముందు కొంగు పరిచింది, తర్వాత అంచు మడిచి వెనకవైపు కనిపించేట్టు పెట్టింది. కొనేవాళ్లు వెనక పోగులు చూపించమంటారట. వెనక చూస్తే పవర్‌లూమ్‌దో చేతిదో తెలుస్తుంది. ట్యూబులైటు కింద తీసిన ఫొటో చూసుకొని ఆమెకు నచ్చలేదు. “ఎరుపు చచ్చిపోయిందండీ” అని, చీరె భుజాన వేసుకొని, పడుగులు చాచిన వీధిలోకి, ఎండలోకి పోయింది.